తెల్లబట్ట పద్దు

212వ రోజు

నీళ్లు ముప్పై ఒక్క చెంబులు. గాలి తూర్పు నుంచి, నెమ్మదిగా. తొమ్మిది వలలు పిండాను. పదో దానికి చిరుగు పట్టింది, కుట్టాలి.

పొద్దున్నే మంచు పాలలా డాబా అంచు దాకా వచ్చి ఆగింది. అందులోంచి ఎద్దుల మెడగంటలు వినిపించాయి. మంచు కింద ఊళ్లు ఖాళీ అయి నలభై ఏళ్లయింది, ఎద్దులెక్కడివి? స్తంభాల మధ్య కట్టిన తీగలు ఊగే చప్పుడే అలా వినిపిస్తుందని మా ఆయన అంటారు. తీగలే కావచ్చు. ఒక గంట మాత్రం నాలుగడుగులు నడిచి, మేతకి ఆగినట్టు ఆగింది.

మంచుకి పైన, మా స్తంభం మీద పదకొండు ఇళ్లు, ఒక పెట్టె. పెట్టె నడవ మధ్య గోడలో ఉంటుంది. సబ్బు, ఉప్పు, మందు, వల, ఏది కావాలన్నా దానికి నోటితో చెప్పాలి. విని, తలుపు తీసి ఇస్తుంది. ఇచ్చిందంతా నేను పుస్తకంలో రాస్తాను. మా అత్తగారు మొదలుపెట్టిన పని ఇది. పెట్టె ఇచ్చింది మర్చిపోదు గాని ఎందుకిచ్చిందో ఆలోచించదు, అనేవారావిడ.

ఇవాళ పెట్టె మా ఇంటికి కొత్త తెల్లబట్ట ఒకటి పంపింది. మంచు పట్టే వలని మేం తెల్లబట్ట అంటాం, రంగు మరేదీ ఉండదు కనక. నేను అడగలేదు. తోడికోడలు సువర్చల వైపు చూశాను.

"నేనూ అడగలేదక్కా," అంది తల ఎత్తకుండా.

అదనంగా ఒక తెల్లబట్ట, అని రాశాను.

213వ రోజు

నీళ్లు ఇరవై ఎనిమిది చెంబులు. సువర్చల రెండు వలలు పిండి కూర్చుండిపోయింది. చెయ్యి నడుం మీద ఉంది.

"ఏమిటే?"

"నడుమక్కా. లాగేస్తోంది."

పక్కింటి మాణిక్యమ్మ పిన్ని గిన్నె తోముతూ, "మొగుడు కింది పనికెళ్లి పదమూడు రోజులైంది, ఇంకా నడుము నొప్పేమిటే నీకు," అని నవ్వింది. సువర్చల కూడా నవ్వింది. సగం నవ్వి ఆపేసి పెదవి కొరుక్కుంది.

ఆమె మొగుడు, మా మరిది పాణి, స్తంభాల కాళ్లకి పట్టే తుప్పు గీకే పనిలో ఉన్నాడు. మంచు అడుగున ఇరవై రోజులు, పైన పది రోజులు. పైకి వచ్చిన మొదటి పూట అతని మాట కూడా తడిగా ఉంటుంది.

పెట్టె దగ్గరికి వెళ్లి నడుము నొప్పి అని చెప్పాను. వేడి పట్టీ ఇచ్చింది. పద్దు రాశాను. అలవాటుగా వెనక పేజీలు తిప్పాను. ఈ ఏడాది సువర్చలకి ఇది నాలుగో పట్టీ.

215వ రోజు

నీళ్లు ముప్పై. పొద్దున్న కలో నిజమో తెలియని వేళ, ఇల్లు స్తంభం విడిచి మంచు మీద పడవలా కదిలినట్టు అనిపించింది. లేచి చూస్తే ఇల్లు ఉన్నచోటే ఉంది. గుమ్మంలో ఇంకో తెల్లబట్ట ఉంది, మడత పెట్టి.

ఈసారి ఊరుకోలేదు. పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. నాలుగు నెలల్లో అయిదు ఇళ్లకి అడగని తెల్లబట్టలు వచ్చాయి. మాది ఒకటి. మిగతా నాలుగిళ్లకీ వెళ్లాను.

ఎవరూ అడగలేదన్నారు. ఎవరూ నా మొహం చూడలేదు. చివరింటి పల్లవి మాత్రం, "పోనీ భ్రమరాంబక్కా, వచ్చిన బట్ట వచ్చింది. పద్దులో కొట్టెయ్యకూడదా?" అంది.

"పద్దు కొట్టెయ్యడానికి రాయను," అన్నాను.

ఇంటికొచ్చి సువర్చల పక్కన కూర్చున్నాను. బియ్యం ఏరుతోంది. బియ్యంతో చెప్పినట్టు చెప్పింది.

"నేనే అక్కా. కానీ బట్ట అడగలేదు. మందేదైనా ఇస్తుందేమోనని, ఎవరూ లేనప్పుడు వెళ్లి, తెల్లబట్ట ఎక్కువగా అవుతోంది అన్నాను. అది, సరే అమ్మగారూ, కొత్తది పంపుతాను అంది."

నాకు నవ్వొచ్చింది. ఆమెకీ వచ్చింది. పెట్టెకి మన మాటలు రావు మరి. పెళ్లయిన కొత్తలో నేను బయట చేరాను అని చెప్తే, బయట మంచు ఎక్కువగా ఉంది, లోపలికి రండి అంది. ముట్టు అంటే ఏం ముట్టుకోవాలి అని అడిగింది. అది వింటే సువర్చల పొట్ట పట్టుకుని నవ్వి, నవ్వుతూ నవ్వుతూ అమ్మా అని వంగిపోయింది.

అప్పుడు నాకు నవ్వు ఆగింది. అయిదిళ్లు. అయిదుగురు ఆడవాళ్లు ఎవరూ చూడకుండా వెళ్లి ఒకే మాట చెప్పారు. అయిదుగురికీ వల ఇచ్చి పంపింది.

216వ రోజు

నీళ్లు పంతొమ్మిది. నేనొక్కదాన్నే పిండాను.

సువర్చలకి జ్వరం, నూటరెండు. ఇప్పుడిక దాచలేదు. రెండు నెలలుగా పొత్తికడుపులో నొప్పి. నడుమని చెప్పడం అలవాటు కనక నడుమని చెప్పింది. తెల్లబట్ట ముందు తెల్లగానే ఉండేది, ఇప్పుడు పసుపు, వాసన. నెల మధ్యలో ఎర్రగా కనిపించింది. పాణి దగ్గరున్న రోజుల్లో నొప్పి మరీ ఎక్కువ, అని కళ్లు మూసుకుని చెప్పింది.

"ఆయనకి చెప్పావా?"

"ఏమని చెప్పనక్కా?" కళ్లు మూసుకునే, "నాకు పిల్లలు పుడతారా?" అంది.

దుప్పటి కప్పి లేచాను. పెట్టె దగ్గరికి వెళ్లాను.

"పొత్తికడుపు నొప్పి. జ్వరం నూటరెండు. డాక్టరమ్మని పిలువు."

"నీళ్ల తేడా అమ్మగారూ. వాము నీళ్లు, జ్వరం మాత్ర. మూడు రోజులు చూడండి. డాక్టరమ్మ వంతు 225వ రోజున."

"నీళ్ల తేడా కాదు. తెల్లబట్ట."

"కొత్తది పంపుతాను."

గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను. గోడ చల్లగా, నిద్రపోతున్న మనిషి వీపులా ఉంది. దానిమీద కోపం రాలేదు. ఎవరూ నేర్పని మాట అదెలా అంటుంది?

నేర్పడానికి ఒక పద్ధతి ఉంది. వెనకటికి పిల్లలు ఉప్పుని చక్కెర అని నేర్పి స్తంభమంతటికీ పాయసం పాడు చేశారట. అప్పటినుంచి ఒక మాటకి కొత్త అర్థం చేర్చాలంటే మధ్యాహ్నం నడవలో, అందరూ ఉండగా, ఏడు గొంతులు విడివిడిగా చెప్పాలి. వలల పేర్లు, తాళ్ల పేర్లు, చేపల పేర్లు అన్నీ అలా చేర్చినవే.

ఇవాళ సాయంత్రం ఆ నాలుగిళ్లకీ మళ్లీ వెళ్లాను. "రేపు మధ్యాహ్నం," అని మాత్రం చెప్పాను. పల్లవి తలుపు వేసేసుకుంది.

217వ రోజు

నీళ్లు కొలవలేదు.

మధ్యాహ్నం నడవలో పదకొండు ఇళ్ల వాళ్లూ పళ్లేలతో కూర్చున్నారు. మంచు కిటికీల్లోంచి లోపలికి వచ్చి మోకాళ్ల ఎత్తున నిలిచింది. అందరూ నడుం పై భాగం మాత్రమే ఉన్న మనుషుల్లా కనిపించారు. నేను లేచి పెట్టె ముందు నిలబడ్డాను.

"తెల్లబట్ట అంటే వల ఒక్కటే కాదు," అన్నాను. "ఆడవాళ్లకి కింద నుంచి తెల్లగా పోతే దాన్ని తెల్లబట్ట అంటాం. దాని రంగు మారి, వాసనొచ్చి, పొత్తికడుపులో నొప్పి, జ్వరం ఉంటే అది జబ్బు. దానికి డాక్టరమ్మని పిలవాలి."

"ఒక గొంతు," అంది పెట్టె.

చెంచాల చప్పుడు ఆగిపోయింది. మూలనుంచి సన్యాసయ్య బాబాయి, "ఇంట్లో మాటలు ఇంట్లో ఉండాలమ్మా, అన్నం దగ్గర ఏమిటివి," అన్నాడు.

మాణిక్యమ్మ పిన్ని పళ్లెం కింద పెట్టింది. "నీ మొలల సంగతి ఇదే నడవలో పెట్టెకి మూడు రోజులు వినిపించావు సన్యాసయ్యా. మేం అన్నాలు మానేశామా?" అని నడిచి వచ్చి, నేనన్న మాటలన్నీ పొల్లుపోకుండా చెప్పింది.

"రెండు గొంతులు."

మూడోది, నాలుగోది, అయిదోది ఆ బట్టలు వచ్చిన ఇళ్లనుంచే వచ్చాయి. తలవంచుకునే చెప్పారు, కానీ చెప్పారు. పల్లవి చివర్న వచ్చి, "ఔను. వీళ్లు చెప్పింది నిజం," అంది.

"ఔను సరిపోదు అమ్మగారూ. మాట చెప్పండి."

పల్లవి మొగుడి వైపు చూసింది. అతను పళ్లెం వైపు చూస్తున్నాడు. పల్లవి పెట్టె వైపు తిరిగి గబగబా, పిల్లలు పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పేసింది.

"ఆరు గొంతులు."

ఏడోది లేదు. మిగిలిన ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. ఇంట్లో మంచం మీద సువర్చల మూలుగు ఇక్కడికి వినబడదు, కానీ నాకు వినబడుతూనే ఉంది.

అప్పుడు మా ఆయన లేచారు. ఆయన సబ్బు కావాలన్నా నాతోనే అడిగిస్తారు, పెట్టెతో మాట్లాడడానికి మొహమాటం. పక్కన వచ్చి నిలబడి, గొంతు సవరించుకుని, మాట మాటకీ ఆగుతూ మొత్తం చెప్పారు. కింద నుంచి అన్న చోట ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఏడు గొంతులు. తెల్లబట్టకి రెండు అర్థాలు," అంది పెట్టె. తర్వాత, మామూలు గొంతుతోనే, "ఈ మాటతో ఇంతవరకు నన్ను అడిగినవి నాలుగు వందల పన్నెండు ఉన్నాయి. వాటిలో ఏవి వలలు?" అని అడిగింది.

స్తంభాల మధ్య మనుషుల్ని తెచ్చే తీగబుట్ట గంట మోగింది. డాక్టరమ్మకి కబురు వెళ్లింది.

218వ రోజు

డాక్టర్ జుబేదా పొద్దున్నే తీగబుట్టలో మంచులోంచి తేలుతూ వచ్చింది. ముందు గొడుగు, తర్వాత కళ్లజోడు, తర్వాత మనిషి. ఒంటి లోపలి బొమ్మ చూపించే చేతిపలక సువర్చల పొత్తికడుపు మీద ఆనించి చూసింది. లోపల పరీక్ష చేసి దూదితో నమూనా తీసుకుంది. గర్భం లేదని ముందు నిర్ధారించుకుంది.

"పి.ఐ.డి. అంటారమ్మా దీన్ని. కింద చేరిన సూక్ష్మజీవులు పైకి పాకి గర్భసంచికి, దాని పక్క గొట్టాలకి వాపు తెస్తాయి. ఎడమ గొట్టం బాగా వాచింది. ఇంకో నాలుగు రోజులు ఆగుంటే చీము పట్టేది."

"నేను శుభ్రంగానే ఉంటానండీ," అంది సువర్చల. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"శుభ్రత సంగతి కాదమ్మా. ఎక్కువమందికి ఇది కాపురంలోనే అంటుకుంటుంది, ఒకరినుంచి ఒకరికి. కొందరికి అలా కాకుండానూ వస్తుంది. మగవాళ్లకి చాలాసార్లు ఏ గుర్తూ ఉండదు. అందుకని మీ ఆయన కూడా మందు వేసుకోవాలి. ఇద్దరి మందూ పూర్తయ్యేదాకా విడిగా పడుకోవాలి."

ఇప్పుడొక ఇంజెక్షను. రెండు రకాల మాత్రలు, పద్నాలుగు రోజులు. మూడు రోజుల్లో జ్వరం దిగకపోతే ఆసుపత్రి స్తంభానికి తీసుకెళ్లాలి. అన్నీ రాసుకున్నాను.

మిగతా నలుగురినీ కూడా చూసింది. ఇద్దరికి ఏ జబ్బూ లేదు, తెల్లబట్ట మామూలుగా అందరికీ కొంత ఉండేదే అంది. ఒకరికి చిన్న మందుతో పోయే దురద. పల్లవికి మాత్రం సువర్చలకున్నదే, ఇంకా మొదట్లో ఉంది. పల్లవి నా దగ్గరికొచ్చి, నా చేతిలో పుస్తకం కాసేపు పట్టుకుని తిరిగిచ్చేసి వెళ్లింది.

220వ రోజు

నీళ్లు ముప్పై మూడు. పాణి పైకి వచ్చాడు. రెప్పల మీద మంచు ఇంకా ఆరలేదు. అన్నం పెట్టి, మాత్రల పొట్లం పళ్లెం పక్కన పెట్టాను.

"ఏమిటిది వదినా?"

చెప్పాను. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు.

"నాకేం లేదే."

"గుర్తులు లేకుండా కూడా ఉంటుందిట."

ముద్ద కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోలేదు. "ఎవరినుంచి ఎవరికి వచ్చిందో తేలుతుందా?"

"తేలితే ఏం చేస్తావు పాణీ? పుస్తకంలో రాయనా?"

అతను తల వంచుకున్నాడు. కింది స్టేషన్లలో ఇరవై రోజులు ఎవరు ఎవరితో ఉంటారో ఈ పుస్తకంలో ఏనాడూ లేదు, ఇప్పుడూ ఉండదు. లోపలి గదిలో మంచం కిర్రుమంది. సువర్చల వింటోంది. అతనికీ తెలిసింది. పొట్లం తీసుకుని లేచి, లోపలికి వెళ్లి, ఆమె ఎదురుగా నిలబడి మాత్ర మింగాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. చాలాసేపు మాట్లాడుకున్నారు.

నేను అతని ఉయ్యాలమంచం వరండాలో కట్టాను. "పద్నాలుగు రోజులు అత్తారింట్లో కొత్తల్లుడివనుకో," అంటే, "కొత్తల్లుడిని వరండాలో పడుకోబెడతారా వదినా," అన్నాడు.

221వ రోజు

ఉదయం జ్వరం తొంభై తొమ్మిది. సాయంత్రం లేదు. మూడో రోజు గడిచింది. నీళ్లు ఎన్నో రాయడం మరిచాను. ముప్పైకి తక్కువ ఉండవు.

226వ రోజు

నీళ్లు ముప్పై రెండు. సువర్చల ఆరు వలలు పిండింది. మంచులో ఎక్కడో ఎవరో దంపుళ్ల పాట పాడుతున్నట్టు ఉంటే, మేమిద్దరం పని ఆపి విన్నాం. పాట అయిపోయాక తను అంది:

"అక్కా, నొప్పి పూర్తిగా పోయింది. ఈ మాత్రలు వేసుకుంటే వికారంగా ఉంటోంది. ఆపేస్తాను."

"ఇంకా అయిదు రోజులున్నాయి."

"తగ్గిపోయిందిగా. నీకు పుస్తకంలో పద్నాలుగు నిండాలి, అంతేగా."

నేను లోపలికి వెళ్లి అటక మీంచి పాత పుస్తకం ఒకటి దించాను. ఇరవై రెండేళ్ల కిందటిది. నిన్ననే వెతికి పెట్టుకున్నాను. అంతకు ముందు నాకు ఆ పేజీలు గుర్తు కూడా లేవు. ఆ చలికాలం మా ఇంటి పద్దులో అత్తగారి చేతిరాత మూడు చోట్ల ఉంది. "అదనంగా తెల్లబట్ట ఒకటి. పెద్దకోడలు అడగలేదంది. తిరిగిచ్చాం." పక్కనే వేడి పట్టీలు, రెండు.

సువర్చల చదివింది. మళ్లీ చదివింది.

"నువ్వా?"

"నేనే. పెట్టెకి చెప్పాను, వల ఇచ్చింది. సిగ్గేసి తిరిగిచ్చాను. నొప్పి దానంతటదే పోయింది. తగ్గిందనే అనుకున్నాను."

తను నా మొహంలోకి చూసింది. మా ఇంట్లో పిల్లలెందుకు లేరని ఇన్నేళ్లలో తను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడూ అడగలేదు.

"దీనివల్లేనని నేను రాయను," అన్నాను. "నిన్న వంతుకి వచ్చిన డాక్టరమ్మ కూడా ఇప్పుడు చెప్పలేనంది. నొప్పి పోయినా లోపల జబ్బు మిగిలే ఉంటుందని మాత్రం చెప్పింది."

సువర్చల పుస్తకం మూసి, లోపలికి వెళ్లి, బెల్లం ముక్క నోట్లో వేసుకుని మాత్ర మింగింది. తిరిగొచ్చి నా వలకి రెండో కొస పట్టుకుంది. ఇద్దరం చెరోవైపు నుంచీ మెలి తిప్పాం. నీళ్లు ధారగా పడ్డాయి.

రాత్రి ఆయనకి కూడా ఆ పేజీ చూపించాను. ఆయన దీపం దగ్గరికి జరుపుకుని చదివి, వేలితో అక్షరాలు తడిమారు. నా నడుం మీద చెయ్యి వేసి, అలాగే నిద్రపోయారు.

232వ రోజు

నీళ్లు ముప్పై. నిన్నటితో పద్నాలుగు నిండాయి. డాక్టర్ జుబేదా వచ్చి పలకతో చూసింది. వాపు లేదు. కుడి గొట్టం బాగుంది. ఎడమ దానికి మచ్చ మిగిలింది.

"పిల్లలు పుడతారా అండీ?" సువర్చల అడిగింది. ఈసారి కళ్లు మూసుకోలేదు.

"పుట్టే అవకాశం బాగానే ఉంది. మాట మాత్రం ఇవ్వలేను. నెల తప్పితే ఆలస్యం చెయ్యకుండా నాకు కబురు పెట్టండి, గర్భం ఆ మచ్చ దగ్గర చిక్కుకుంటే ప్రమాదం. జబ్బు మళ్లీ రాకూడదు. ఎన్నిసార్లు వస్తే అంత మచ్చ. ఇద్దరూ మూడు నెలలకి మళ్లీ పరీక్ష చేయించుకోండి."

"ఇద్దరం వస్తామండీ," అన్నాడు పాణి గుమ్మంలోంచి. కింది పనికి ఈ విడత వెళ్లలేదు. స్తంభం పైన తీగలు చూసే పని అడిగాడట.

డాక్టరమ్మ తీగబుట్ట ఎక్కుతూ నాతో అంది. మా పెట్టె నేర్చిన మాట అందుకుని మిగతా స్తంభాల పెట్టెలు కూడా ఇప్పుడు అడుగుతున్నాయట, వలా, జబ్బా అని. నిన్నొక్కరోజే పద్నాలుగు చోట్ల ఆడవాళ్లు జబ్బు అన్నారట. వాటిలో ఒకావిడకి అరవై ఏళ్లు. బుట్ట మంచులో కలిసిపోయాక కూడా ఆమె గొడుగు కాసేపు కనిపించింది.

247వ రోజు

నీళ్లు ఇరవై తొమ్మిది చెంబులు. గాలి లేదు.

భ్రమరాంబక్కకి ఒళ్లు వెచ్చగా ఉందని నేను పడుకోబెట్టాను. అందుకని ఇవాళ పద్దు నేను, సువర్చల, రాస్తున్నాను. అక్క మంచం మీంచి, చెంబులు సరిగ్గా లెక్కపెట్టావా అని రెండుసార్లు అడిగింది. పెట్టె దగ్గరికి నేనే వెళ్లాను. జ్వరం మాత్ర తెచ్చాను, ఒకటి. వచ్చే డాక్టరమ్మ వంతులో అక్క పేరు కూడా చెప్పాను. అక్క వద్దంది. చెప్పేశానన్నాను.

నాకు ముట్టు వచ్చింది. ఏడుస్తాననుకున్నాను. నడవలో అందరూ ఉండగానే పెట్టెకి చెప్పాను, ఆ మాట కూడా దానికి నేర్పాలి. ఇవాళ రెండు గొంతులయ్యాయి, నాదీ మాణిక్యమ్మ పిన్నిదీ.

మా ఆయన నాకు ఎలా ఉందని అడిగారు.

నొప్పి లేదు.